మైకు ముందు నిలబడ్డవాళ్ళు

పోయిన ఏడాది మన కాలేజీ వార్షికోత్సవంలో వేదిక మీదికి వచ్చే పెద్దలను సభకు పరిచయం చేసే పని నాకిచ్చారు. ఇచ్చారనడం కన్నా, ఆ పనికి ఒప్పుకున్న అమ్మాయికి జ్వరం రావడంతో కాగితం నా చేతిలో పడిందనడం నిజం. అందులో ఉన్నదంతా నాకు కంఠతా వచ్చు. తీరా మైకు ముందు నోరు తెరిచేసరికి "ముఖ్య అతిథి" కాస్తా "ముక్కె అతిది" అయ్యాడు. "అధ్యక్షులు" "అద్దెచ్చులు" అయ్యారు. వెనక వరసల్లో మొదలైన నవ్వు ముందు వరసల దాకా పాకింది. సభ ముగిశాక ఒకరన్నారు: "ఈ గొంతు మంచె మీద పిట్టల్ని తోలడానికి బాగుంటుంది గానీ మైకుకెందుకండీ?"

అన్నవారి పేరు రాయను. వారన్నదాంట్లో సగం నిజమే. నేను మంచె మీద పిట్టల్ని తోలినదాన్నే.

మాది మెట్ట సేద్యం. జొన్న, శనగ తప్ప మా నల్లరేగడి వేరే పైరును పెద్దగా ఎరగదు. జొన్న పాలు పోసుకునే రోజుల్లో, బడి లేనప్పుడల్లా నన్ను మంచె ఎక్కించేవారు. చేతిలో వడిసెల ఉన్నా, రాయి కన్నా కేకే దూరం పోతుందని మా జేజి చెప్పేది. కడుపులోంచి ఒక్క కేక వేస్తే అవతలి గట్టు దాకా పిట్టలు గుంపుగా లేచేవి. నా గొంతు అట్లా తయారైంది. ఆ గొంతుతోనే ఫిజిక్సు చదవడానికి ఇంత దూరం వచ్చాను. వార్షికోత్సవం తర్వాత మాత్రం చాలా నెలలు క్లాసులో లేచి ఒక్క సందేహమైనా అడగలేదు. ఏది అడగాలన్నా, ముందు ఆ మాటలో "థ" ఉందా, "ధ" ఉందా, "క్ష" ఉందా అని వెతుక్కునేదాన్ని. వెతికేలోపు పాఠం ముందుకు పోయేది.

ఇట్లా ఉండగా సెమినారు వచ్చింది. మా సారు నాకిచ్చిన అంశం "ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్". వాహక తరంగం మీద మన మాట ఎట్లా ఎక్కి పోతుందో చెప్పాలి. సమీకరణాలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత ఊరికే ఉండలేక, ఈ తరంగం మీద మొదట ఎక్కిన మాటలు ఎవరివా అని లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టాను. అమెరికాలో రేడియో మొదలైన రోజుల కథ దొరికింది. సెమినారులో దానికి చోటు లేదన్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

1920 నవంబరు 2వ తేదీ రాత్రి. పిట్స్‌బర్గ్ పక్కన వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఫ్యాక్టరీ మేడ మీద ఒక చిన్న గది, అందులో 100 వాట్ల ట్రాన్స్‌మిటరు. ఆ రాత్రి అక్కడి నుంచి అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివారు. గెలిచింది హార్డింగ్, ఓడింది కాక్స్. చదివినవాడు కంపెనీ ప్రచార విభాగంలో పనిచేసే లియో రోజెన్‌బర్గ్. మా మాట మీకు వినిపిస్తుంటే ఒక ఉత్తరం ముక్క రాయండని మధ్య మధ్య అడిగేవాడట. అవతల వింటున్నది పదిమందో, వెయ్యిమందో, అసలెవరూ లేరో అతనికి తెలియదు. అదే తరువాత ప్రసిద్ధికెక్కిన కె.డి.కె.ఎ. స్టేషను.

మరుసటి ఏడు ఆ స్టేషనుకు హెరాల్డ్ ఆర్లిన్ అనే పాతికేళ్ళ ఎలక్ట్రికల్ ఇంజనీరు దొరికాడు. అతను ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. మేడ మీద ఏం జరుగుతోందో చూద్దామని పైకి వెళ్ళి, మైకు ముందు కూర్చున్నాడు. జీతానికి ఎనౌన్సరు పని చేసినవాళ్ళలో మొదటివాడని అతన్నే చెబుతారు. 1921 ఆగస్టు 5న ఫోర్బ్స్ ఫీల్డ్‌లో పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా జట్ల బేస్‌బాల్ ఆటను, మామూలు టెలిఫోనునే మైకుగా మార్చుకుని, జనం మధ్య కూర్చుని చెప్పాడు. పిట్స్‌బర్గ్ 8-5తో గెలిచింది. ఒక బేస్‌బాల్ ఆటను రేడియోలో చెప్పడం అదే మొదలు. ఎట్లా చెప్పాలో నేర్పడానికి అతనికి ముందు ఎవరూ లేరు. ఆ శరత్కాలంలోనే ఫుట్‌బాల్ ఆట చెబుతూ, తమ ఊరి జట్టుకు పాయింట్లు వచ్చినప్పుడు ఎంత గట్టిగా అరిచాడంటే స్టేషను ప్రసారమే ఆగిపోయిందట! మా సమీకరణాల్లో దీనికి "ఓవర్ మాడ్యులేషన్" అని పేరుంది. అది చదివి నవ్వుకున్నాను. మైకుకు మించిన కేక వేసిన మొదటి మనిషిని నేను కాదు.

ఆర్లిన్ గురించి ఇంకో ముచ్చట. 1922లో బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి స్టేషనుకు తీసుకొచ్చారు. చదవవలసిన ప్రసంగం కాగితం మీద రాసి ఇచ్చారు. వేలమంది ముందు బంతిని కొట్టి అవతల పారేసే ఆ మనిషి, ఆ చిన్న మైకు ముందు మాట రాక బిగుసుకుపోయాడు. చివరికి ఆర్లినే కాగితం తీసుకుని, తానే రూత్ అయినట్టు చదివేశాడు. రూత్ గొంతు ఎంత బాగుందో అని తర్వాత ఉత్తరాలు వచ్చాయట! ఇది ఆర్లినే చెప్పుకున్న ముచ్చట. చదివిన రోజు రాత్రి నాకు కంటినిండా నిద్రపట్టింది. అంతటివాడికే నోరు పెగలకపోతే, నాకు తడబడడంలో వింతేముంది?

ఆ రోజుల్లో పాడేవాళ్ళ పాట్లు వేరు. చుట్టూ గోడలున్న గదిలో వాద్యబృందం వాయిస్తే శబ్దం తిరిగి తిరిగి మోగేది. అందుకని కె.డి.కె.ఎ. వాళ్ళు 1921 ఎండాకాలంలో మేడ మీద ఒక గుడారం వేసి, అందులో వాయింపించారు. శబ్దం చక్కగా వచ్చింది. అయితే పురుగులు కూడా వచ్చాయి. ఒక గాయకుడు రాగం తీయబోతుంటే నోట్లోకి పురుగు దూరిందని చెప్పుకుంటారు. ఆ తర్వాత గాలివానకు గుడారం ఎగిరిపోతే, దాన్ని తెచ్చి లోపలి గదిలో వేశారు! స్టూడియో గోడలకు దళసరి గుడ్డలు కట్టే వాడుక ఇట్లాంటి తిప్పల్లోంచి వచ్చింది.

పాడినందుకు డబ్బులిచ్చేవారా అంటే, మొదటి రెండు మూడేళ్ళు చాలా చోట్ల లేదు. పేరు రావడమే ఫలం. ఎనౌన్సర్లకైతే ఆ పేరు కూడా లేదు. న్యూవార్క్‌లోని డబ్ల్యు.జె.జెడ్. స్టేషనులో థామస్ కవాన్ అనే ఎనౌన్సరు తనను తాను "ఎ.సి.ఎన్." అని చెప్పుకునేవాడు. ఎనౌన్సరు, కవాన్, న్యూవార్క్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు! బిల్లీ జోన్స్, ఎర్నీ హేర్ అనే ఇద్దరు హాస్యగాయకులది మరీ చోద్యం. 'హ్యాపీనెస్' అనే మిఠాయి దుకాణాలవాళ్ళు డబ్బు పెట్టినన్నాళ్ళు వాళ్ళు "హ్యాపీనెస్ బాయ్స్". మేజోళ్ళ కంపెనీ డబ్బు పెట్టాక "ఇంటర్‌వోవెన్ పెయిర్". రొట్టెల కంపెనీ వచ్చాక "టేస్టీ" అనే రొట్టె పేరు మీద మరో పేరు. కౌలుకిచ్చిన పొలం ఏటేటా చేతులు మారినట్టు, వాళ్ళ పేరు కూడా కంపెనీల చేతులు మారింది.

పేరు లేని ఎనౌన్సర్ల రోజులను మార్చినవాడు గ్రాహం మెక్‌నామీ. ఇతనిదీ తిన్నని దారి కాదు. రైల్వేలో గుమాస్తాగా చేశాడు. మాంసం కంపెనీ సరుకు తిరిగి అమ్మాడు. పాట నేర్చుకున్నాడు గానీ పాట కూడు పెట్టలేదు. 1923లో న్యూయార్కు కోర్టులో జ్యూరీ పని మీద వచ్చి, మధ్యాహ్నం భోజనం విరామంలో నడుచుకుంటూ డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. స్టేషను మెట్లెక్కాడు. గొంతు విని పనిలో పెట్టుకున్నారు. ఆ ఏడే వరల్డ్ సిరీస్ బేస్‌బాల్ చెప్పాడు. 1925 సిరీస్ తర్వాత అతనికి 50,000 ఉత్తరాలు వచ్చాయి. ఆట సంగతులు అతనికి అంత బాగా తెలియవు. ఆటకు వచ్చిన జనం, వాన చినుకులు, ఎవరి టోపీ ఎగిరిందో, ఎవరి ముఖం వాడిందో అన్నీ చెప్పేవాడు. మైదానంలో జరిగిన ఆట ఒకటి, మెక్‌నామీ చెప్పిన ఆట ఇంకొకటి అని రింగ్ లార్డ్‌నర్ అనే రచయిత ఎగతాళి చేశాడు. అయినా వంద మైళ్ళ అవతల పొలం ఇంట్లో కూర్చున్నవాడికి మైదానాన్ని చూపించింది ఆ రెండో ఆటే గదా! కొన్నేళ్ళకు ఆట తెలిసిన కొత్త ఎనౌన్సర్లు వచ్చారు. మెక్‌నామీ హాస్య కార్యక్రమాల్లో ఇంకొకరి జోకులకు ఊతమిచ్చే మనిషయ్యాడు. 1942లో 53 ఏళ్ళకే పోయాడు. బేస్‌బాల్ ప్రసారకులకిచ్చే ఫోర్డ్ ఫ్రిక్ పురస్కారం అతని పేరు మీద 2016లో ఇచ్చారు. అప్పటికి అతను పోయి 74 ఏళ్ళు!

ఇంతవరకు చదివి సంతోషంగానే ఉన్నాను. ఆ తర్వాత ఆడవాళ్ళ సంగతి దగ్గరికి వచ్చాను.

రేడియోలో పాడిన తొలి స్త్రీలలో వాన్ డి లీత్ ఒకరు. 1920లో లీ డి ఫారెస్ట్ ప్రయోగశాలలో పాడింది. ఆమె పైస్థాయిలో పాడితే ట్రాన్స్‌మిటరు వాల్వులు చెడిపోతాయని భయపెట్టారట. అందుకని గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకుంటున్నట్టు మెల్లగా పాడింది. అదే తర్వాత "క్రూనింగ్" అనే పాట పద్ధతికి ఒక మొదలు అంటారు. యంత్రం లోపాన్ని తన గొంతుతో దిద్దిందన్నమాట. ఆ పద్ధతితో తర్వాత మగ గాయకులు ఎంతో పేరు తెచ్చుకున్నారు. ఆమె 1943లో 48 ఏళ్ళకు పోయేనాటికి జనం ఆమెను దాదాపు మరిచిపోయారు.

పాటకు ఒప్పుకున్నవాళ్ళు మాటకు ఒప్పుకోలేదు. 1924లో 'రేడియో బ్రాడ్‌కాస్ట్' అనే పత్రికలో జెన్నీ ఐరీన్ మిక్స్ అనే ఆమె ఒక చర్చ నడిపింది. రేడియోలో ఆడవాళ్ళు మాట్లాడడం జనానికి ఇష్టమా, కాదా? స్టేషన్ల మేనేజర్లు జవాబులు రాశారు. ఆడగొంతు కీచుగా ఉంటుందని కొందరు, దూరం పోదని కొందరు, అందులో వ్యక్తిత్వం ఉండదని ఇంకొందరు. 1926లో డబ్ల్యు.జె.జెడ్. వాళ్ళు శ్రోతలను అడిగితే, ఆడగొంతు కావాలన్నవారు నూటికి ఒక్కరు లెక్కన వచ్చారట.

ఇక్కడ నా ఫిజిక్సు నాకు పనికొచ్చింది. ఆనాటి కార్బన్ మైకులో బొగ్గు రేణువులుంటాయి. శబ్దం ఒత్తిడికి వాటి నిరోధం మారి, కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. ఆ మైకు గానీ, ఆనాటి బూరా స్పీకరు గానీ అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా మోసేవి కావు. మాటలో స్పష్టతనిచ్చే పై పౌనఃపున్యాలు చాలావరకు దారిలోనే రాలిపోయేవి. మగగొంతుతో సరిచూసుకున్న ఆ సామగ్రిలో ఆడగొంతు సన్నగా, కీచుగా వచ్చేది. వినేవాడు ఆడమనిషి గొంతే అంత అనుకున్నాడు. పాడు జల్లెడలో పోసి, పిండి బాగాలేదన్నట్టు! సామగ్రి మెరుగుపడ్డాక కూడా ఆ మాట పోలేదు. యంత్రాన్ని సరిచేయడం సులువు, చెవిని సరిచేయడం కష్టం. ఆ రోజుల్లోనే బెర్తా బ్రెయినార్డ్ 1922లో డబ్ల్యు.జె.జెడ్. స్టేషనులో నాటకాల కబుర్లు చెప్పడంతో మొదలుపెట్టి, తర్వాత ఎన్.బి.సి. సంస్థలో కార్యక్రమాలను నిర్ణయించే అధికారిణి దాకా ఎదిగింది. ఆమె ఎక్కిన ఒక్కొక్క మెట్టు వెనుక ఎన్ని మాటలు పడిందో ఎవరికి తెలుసు!

పల్లెటూరి గొంతుల సంగతి ఇంకా రాయాలి. నేను వెతికింది అదే కాబట్టి.

నాష్‌విల్‌లో డబ్ల్యు.ఎస్.ఎం. అనే స్టేషనులో 1925 నవంబరు 28 రాత్రి అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనే 77 ఏళ్ళ ముసలాయన ఫిడేలు వాయించాడు. గంటసేపు వాయించాక, అలసిపోయావా తాతా అంటే, ఇంకా మొదలే పెట్టలేదు గదా అన్నాడట. అక్కడి ఎనౌన్సరు జార్జ్ హే. నిండా ముప్ఫయ్యేళ్ళవాడు, తనను "ముసలి జడ్జి"నని చెప్పుకునేవాడు. ఆ శనివారపు కార్యక్రమమే తర్వాత "గ్రాండ్ ఓల్ ఆప్రీ" అయింది. ఇప్పటికీ నడుస్తోంది. పల్లెవాళ్ళ పాటకు ఇంత గౌరవమా అని మురిసిపోయాను. ఇంకొంచెం చదివితే ఇంకో సంగతి తెలిసింది. అక్కడ వాయించడానికి మొదట్లో వచ్చినవాళ్ళు సూట్లు, టైలు కట్టుకుని మర్యాదగా వచ్చేవారు. వాళ్ళలో హంఫ్రీ బేట్ అనే వైద్యుడు కూడా ఉన్నాడు. హే వాళ్ళకు పొలం దుస్తులు వేయించి, ఆ డాక్టరుగారి బృందానికి "పాసమ్ హంటర్స్" అని పేరు పెట్టాడు. పాసమ్ అక్కడి అడవిజంతువు. మనం ఉడుములు పట్టేవాళ్ళ బృందం అన్నట్టు! పల్లెవాణ్ణి లోపలికి రానిచ్చారు, కాని పట్నంవాడు ఊహించుకున్న పల్లెవాడిలా రమ్మన్నారు. ఇది చదివి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మన యాస మాట్లాడనిచ్చేది నవ్వించడానికేనా? సినిమాల్లో అయినా, కాలేజీ నాటికల్లో అయినా?

ఆ కార్యక్రమంలోనే డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి యువకుడుండేవాడు. మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి మంచాన పడ్డాడు. పడుకునే నోటి ఆర్గాను నేర్చుకున్నాడు. రైలు రావడం, దాటిపోవడం, వేటకుక్కల మొరుగుడు అన్నీ అందులో పలికించేవాడు. 1928లో 52 వారాల్లో 49 సార్లు ఆ కార్యక్రమంలో వాయించాడు. ఇంకెవరూ అన్నిసార్లు లేరు. గాలిలో రంగు కనబడదు కాబట్టి అతను నల్లవాడని చాలామంది శ్రోతలకు తెలియదు. బృందంతో ఊళ్ళు తిరిగినప్పుడు మాత్రం తెల్లవాళ్ళ హోటళ్ళలో గది ఇచ్చేవారు కాదు. 1941లో అతన్ని తీసేశారు. కొత్త పాటలు నేర్చుకోలేదని హే తర్వాత రాశాడు. పాత పాటలే వాయించమని తనను కట్టడి చేశారని బెయిలీ అన్నాడు. ఆ ఏడు పాటల హక్కుల మీద రేడియో కంపెనీలకూ రచయితల సంఘానికీ తగాదా వచ్చి, పాత పాటలు చాలా రేడియోలో వాయించడానికి వీల్లేకపోయింది. ఆ తగాదాలో నలిగిపోయింది అతను. తర్వాత నాష్‌విల్‌లోనే బూట్ల పాలిష్ దుకాణం పెట్టుకుని బతికాడు. 1982లో పోయాడు. 2005లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు చేర్చారు.

మరి అదే కాలంలో గాస్డెన్, కారెల్ అనే ఇద్దరు తెల్లవాళ్ళు నల్లవాళ్ళ మాటతీరును అనుకరిస్తూ "ఎమోస్ ఎన్ ఆండీ" అనే హాస్యం చేసి, 1929 నుంచి ఎన్.బి.సి. దగ్గర ఏడాదికి లక్ష డాలర్లు తీసుకున్నారు. అదే ఏడు షికాగోలో జాక్ కూపర్ అనే నల్లజాతి ఎనౌన్సరు ఒక చిన్న స్టేషనులో వారానికొక గంట సంపాదించి, తన వాళ్ళ పాటను, మాటను తన గొంతుతోనే వినిపించాడు. లక్ష డాలర్ల కథ కన్నా నాకు ఆ గంట పెద్దదిగా తోచింది.

1937లో రేడియో కళాకారులు, ఎనౌన్సర్లు కలిసి యూనియను పెట్టుకున్నారు. జీతం కోసం నిలబడ్డారు. ఊరికే పాడించుకునే రోజులు అట్లా పోయాయి. మన సావనీర్ కూడా యూనియన్‌దే కాబట్టి ఈ మాట మరవకూడదని రాశాను.

ఇవన్నీ చదివాక నాకొక సంగతి అర్థమైంది. మంచి గొంతు అనేది దేవుడు పుట్టించి పంపేది కాదు. ఇంజనీరు, గుమాస్తా, పాట అమ్ముడుపోని గాయకుడు, ముసలి ఫిడేలు తాత, వీళ్ళంతా మైకు ముందు నిలబడ్డాక "రేడియో గొంతు" అయ్యారు. ఎవర్ని నిలబడనిస్తారన్నదే అసలు ప్రశ్న.

అట్లాగని నా తప్పును యాస మీద నెట్టేయను. "థ" పలకడం నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నాను. హాస్టలు మేడ మీద సాయంత్రాలు బట్టలు ఆరేసిన తీగల కింద పేపరు పైకి చదువుతున్నాను. వాన్ డి లీత్ వాల్వులకు తగ్గట్టు గొంతు మార్చుకుంది, నేను ఒక అక్షరం మార్చుకోలేనా? కాని మా ఊరి పలుకును పారేయను. రెండూ నావే.

ఈ ఏడు ఆటల పోటీలకు ఎనౌన్సర్లు కావాలని నోటీసు పెడితే నా పేరు నేనే రాశాను. ఎవరికీ జ్వరం రాలేదు. నాలుగు వందల మీటర్ల పరుగు చెబుతూ ఒకచోట కేక పెట్టాను, మైకు కీ అని అరిచింది, జనం నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత పరుగులో ఎవరు ముందున్నారో, ఎవరు వగరుస్తున్నారో చెబుతూ పోయాను. ఎప్పుడు ఆగిందో గానీ, ఆ నవ్వు మళ్ళీ వినపడలేదు.

ఆ రోజు మా నాయన శనగలు అమ్మడానికి మార్కెట్ యార్డుకు వచ్చాడు. ధర నచ్చక, బస్తాలు యార్డులోనే ఉంచి, నన్ను చూసి పోదామని కాలేజీ గేటు దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. సాయంత్రం నేను బయటికి వస్తే చెట్టు కింద కూర్చొని ఉన్నాడు.

"యాడుండావో అని ఎవుర్నీ అడగలేదమ్మే," అన్నాడు. "గేటు కాన్నుంచే ఇనపడ్న్యావు. మన మంచె కాడి గొంతే."

ఎవరో పోయిన ఏడు నాతో అన్న మాటే అది. మా నాయన నోట విన్నాక దాని అర్థం మారిపోయింది.